రేసు కారుకు ఇథనాల్ ఎందుకు నచ్చుతుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించే మాట్లాడు, కానీ అందరికీ అర్థం కావాలి" అన్నారు. ఆ రెండూ ఒకచోట కుదరడం కష్టం. ఇంజిన్‌కు ఎప్పుడు ఎంత ఇంధనం ఇవ్వాలి, ఏ క్షణాన నిప్పు రవ్వ వెయ్యాలి అన్నది కొలిచి, కారులోని కంప్యూటర్‌కు నేర్పడం నా పని. దాన్ని కాలిబ్రేషన్ అంటారు. దాదాపు ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాను. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చేస్తుంటావు బాబూ" అని అడిగితే "కార్ల కంపెనీ" అని ఊరుకుంటాను.

విషయం మాత్రం మన వాట్సాప్ గ్రూపే అందించింది. ఒకరోజు పొద్దున్నే ఒక అన్నయ్య, ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తే ఇంజిన్ పాడైపోతుందని ఒక వీడియో పెట్టారు. పది నిమిషాల్లో ఒక తమ్ముడు, అమెరికాలో వెయ్యి హార్స్‌పవర్ కారు ఇథనాల్ పోస్తేనే ఆ బలం చూపిస్తుందని ఇంకో వీడియో పెట్టాడు. ఇక చూడండి. మధ్యలో ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం కూడా పెట్టారు గానీ యుద్ధం ఆగలేదు. చివరికి "నువ్వు చెప్పరా, నీ పని అదే కదా" అని నా మీదికి తోశారు. గ్రూపులో టైపు చేసే ఓపిక లేక ఇక్కడ చెప్తున్నాను. ఆ రెండు వీడియోల్లో అసలు సంగతి నిజమే. అతిశయోక్తి ఎలాగూ ఉంటుంది, అది తీసేయండి.

రెండూ ఎలా నిజమవుతాయో తెలియాలంటే ముందు గాలి గురించి మాట్లాడుకోవాలి. ఇంజిన్ బలమంతా పెట్రోలులో ఉందనుకుంటాం. పెట్రోలు ఎంతైనా పోయొచ్చు, దానికి పంపు ఉంది. సిలిండర్ ఒక్క గుక్కలో పీల్చగలిగే గాలికే హద్దు ఉంది. అందుకే టర్బోలు, సూపర్‌చార్జర్లు పుట్టాయి. అవి చేసేది గాలిని బలవంతంగా లోపలికి కుక్కడమే.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. పెట్రోలు కిలోకు దాదాపు 43 మెగాజౌళ్ల వేడి వస్తుంది, ఇథనాల్‌కు దాదాపు 27. ఇక్కడిదాకా చూస్తే ఇథనాల్ ఓడిపోయినట్టే. ఇప్పుడు అదే లెక్క గాలి వైపు నుంచి చెయ్యండి. 43ని 14.7తో భాగిస్తే 2.9 పైచిలుకు వస్తుంది. 27ని 9తో భాగిస్తే 3. అంటే సిలిండర్ పీల్చిన కిలో గాలికి ఇథనాల్ ఇచ్చే వేడి పెట్రోలుకు తక్కువ కాదు, వెంట్రుకవాసి ఎక్కువే. కాకపోతే ఆ గాలికి సరిపడా ఇంధనం బరువులో ఒకటిన్నర రెట్లకు పైగా పొయ్యాలి.

రేసులో నడిపేవాడు అడిగే ప్రశ్న "ఈ గుక్క గాలితో ఎంత బలం?" అని. మన ఊళ్లో స్కూటరు నడిపే మనిషి అడిగేది "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?" అని. ఒకే ద్రవం మొదటివాడికి సంతోషకరమైన జవాబు, రెండోవాడికి దిగులు పుట్టించే జవాబు చెప్తుంది. మన గ్రూపులో గొడవంతా ఇక్కడే వచ్చింది.

అయితే ఆ వెంట్రుకవాసి లాభానికి ఎవరూ రేసు కారు కట్టరు. అసలు లాభం వేరే చోట ఉంది.

పాత పెట్రోలు అంబాసిడర్‌లో ఆరుగురు కూర్చుని సింహాచలం కొండ ఎక్కడం మా వయసు వాళ్లందరికీ గుర్తుండాలి. మలుపు దగ్గర గేరు మార్చకుండా యాక్సిలరేటర్ తొక్కితే లోపల ఎవరో ఇనుప మేకులు గిలక్కొట్టినట్టు చప్పుడు వచ్చేది. అదే నాకింగ్. పిస్టన్ గాలీ ఇంధనాల మిశ్రమాన్ని నొక్కుతుంది, నొక్కితే వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట క్రమంగా పాకాల్సింది పోయి, ఓ మూలనున్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది. బలం ఎక్కువ కావాలంటే ఎక్కువ నొక్కాలి, ఎక్కువ నొక్కితే నాకింగ్ వస్తుంది. పెట్రోలు ఇంజిన్ చరిత్రంతా ఈ పేచీయే.

నాకింగ్‌ను తట్టుకునే శక్తిని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. మన బంకుల్లో మామూలు పెట్రోలుది 91 చుట్టూ ఉండేది. ఇథనాల్‌ది 108 చుట్టూ. దానికి తోడు ఇంకో గుణం ఉంది. సూది వేసే ముందు కాంపౌండరు చేతి మీద స్పిరిట్ దూది రాస్తే చల్లగా ఉండేది కదా, అదే. ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ చుట్టూ ఉన్న వేడిని పీల్చేస్తుంది. కిలోకు చూస్తే పెట్రోలు కంటే దాదాపు రెండున్నర రెట్లు పీలుస్తుంది. పైగా పోసేది ఒకటిన్నర రెట్లకు పైగా కాబట్టి, ఒక గుక్క గాలికి దాదాపు నాలుగు రెట్ల చల్లదనం. టర్బో నుంచి కాలుతూ వచ్చిన గాలికి అది మజ్జిగ తాగినట్టు ఉంటుంది. చల్లబడిన గాలిని ఇంకా కుక్కొచ్చు, ఇంకా నొక్కొచ్చు, నిప్పురవ్వ ఇంకాస్త ముందే వెయ్యొచ్చు. హార్స్‌పవర్ పెరిగేది అక్కడ.

అంకెలు కావాలంటే రెండు కార్లు చెప్తాను. స్వీడన్‌లో కోయెనిగ్‌సెగ్ అనే చిన్న కంపెనీ 2007లో సీసీఎక్స్ఆర్ అనే కారు తెచ్చింది. 4.7 లీటర్ల వి8 ఇంజిన్, రెండు సూపర్‌చార్జర్లు. పెట్రోలు పోస్తే 806 హార్స్‌పవర్. 85 శాతం ఇథనాల్ ఉన్న ఇ85 పోస్తే 1018. 2023లో అమెరికాలో వచ్చిన డాడ్జ్ డీమన్ 170 కూడా అంతే. అక్కడ మామూలుగా దొరికే ఇ10 పోస్తే 900, ఇ85 పోస్తే 1025. తమ్ముడి వీడియోలోది ఈ కారే.

ఈ అంకెలు ఇంకోసారి వినండి. కారు అదే, మారింది ఇంధనం. ఇంధనం మారిందని కారుకు ఎలా తెలుస్తుంది? ట్యాంకు నుంచి ఇంజిన్‌కు వచ్చే పైపులో ఒక సెన్సర్ ఉంటుంది. ఇంటర్‌లో కెపాసిటర్ పాఠం చదివినవాళ్లకు డైఎలెక్ట్రిక్ స్థిరాంకం గుర్తుండే ఉంటుంది, పరీక్షలో రాసి మరిచిపోయినా సరే. పెట్రోలుకు అది దాదాపు 2, ఇథనాల్‌కు దాదాపు 25. ఇంత తేడా ఉంటే కొలవడం తేలిక. బాగా వాడుకలో ఉన్న రకం సెన్సర్ స్వచ్ఛమైన పెట్రోలుకు సెకనుకు 50 స్పందనలు, స్వచ్ఛమైన ఇథనాల్‌కు 150 స్పందనలు పంపిస్తుంది. మధ్యలో ఎంత వస్తే అంత శాతం. కంప్యూటర్ దాన్ని చూసి ఇంధనం పరిమాణం, టర్బో ఒత్తిడి, రవ్వ వేసే సమయం అన్నీ మార్చుకుంటుంది. అలా మార్చుకోవడానికి తగ్గ పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు, తుప్పు పట్టని పైపులు ముందే బిగించి ఉంటాయి. ఇథనాల్‌లో ఉన్న గుణాన్ని వాడుకోగల ఇంజిన్ ఉంటేనే అది లాభం. లేకపోతే ఆ 108 ఆక్టేన్ మూగవాడి దగ్గరున్న పాటలాంటిది.

రేసుల్లోకి ఇది ఎలా వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మొదలు బలం కోసం కాదు, ప్రాణభయంతో. 1964లో ఇండియానాపొలిస్ 500 రేసులో రెండో ల్యాప్‌లోనే జరిగిన ప్రమాదంలో పెట్రోలు మంటలు లేచి ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ పెట్రోలు పోయి మెథనాల్ వచ్చింది. మెథనాల్ మంటను నీళ్లతో ఆర్పొచ్చు. కానీ పగటి వెలుతురులో ఆ మంట కంటికి కనపడదు. 1981లో అదే రేసులో రిక్ మియర్స్ కారుకు ఇంధనం నింపుతుండగా ఒంటికి నిప్పంటుకుంటే, ఏం జరుగుతోందో చుట్టూ ఉన్నవాళ్లకు కాసేపు అర్థం కాలేదు. మనిషి గెంతుతున్నాడు, మంట కనపడదు. 2006లో మెథనాల్‌లో పది శాతం ఇథనాల్ కలిపారు. 2007కు 98 శాతం ఇథనాల్, రెండు శాతం పెట్రోలు అయింది. 2012లో టర్బో ఇంజిన్లతో పాటు ఇ85 వచ్చింది. 2023 నుంచి వాళ్లు వాడుతున్నది ప్రధానంగా చెరుకు వ్యర్థాల నుంచి తీసిన ఇథనాల్. ఫార్ములా వన్ 2022లో పది శాతం దగ్గర మొదలుపెట్టింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే మరో సంగతి ఉంది. ఆల్కహాల్ నాకింగ్‌ను ఆపుతుందని నూరేళ్ల కిందటే తెలుసు. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం నాకింగ్‌కు మందు వెతుకుతూ చివరికి టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం ద్రవం దగ్గర ఆగింది. చుక్కల్లో వేస్తే చాలు, పేటెంట్ ఉంటుంది. ఆల్కహాల్ అయితే పదో ఇరవయ్యో శాతం పొయ్యాలి, ఊరి గానుగ పక్కన బట్టీ పెట్టుకున్నవాడైనా చేసుకోగలడు, పేటెంట్ దొరకదు. లోకమంతా సీసం వైపు వెళ్లింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్న నియమం 2000 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అంటే మనందరం బడికి నడిచి వెళ్లిన రోడ్డు మీద పీల్చింది సీసం పొగే. ఇథనాల్‌ను తిట్టేటప్పుడు దాని స్థానంలో మనం వాడింది ఏమిటో గుర్తుంచుకోవాలని నేను అనుకుంటాను.

ఇక మన బంకు దగ్గరికి వద్దాం. అన్నయ్య వీడియో ఇక్కడ నిజమవుతుంది.

దేశంలో పది శాతం కలపడం 2022లో పూర్తయింది. ఇరవై శాతాన్ని 2030కి అనుకున్నది 2025కు ముందుకు జరిపారు, ఆ ఏడాది చేరుకున్నారు కూడా. లీటరు పెట్రోలులో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, లీటరు ఇథనాల్‌లో 21. ఎనభై, ఇరవై పాళ్లలో కలపండి, 30కి కాస్త తక్కువ వస్తుంది. దాదాపు ఏడు శాతం తరుగు. 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన నివేదికలోనూ ఇదే ఉంది: ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి, పది శాతానికి సర్దిన కార్లలో ఇ20 పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం. ఇ10 కోసం రూపొందించి ఇ20కి సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం. "అసలు ఏమీ తగ్గదు" అనేవాళ్లు ఈ అంకెలు చూడాలి. "సగానికి పడిపోయింది" అనేవాళ్లు టైర్లలో గాలి చూసుకోవాలి.

చివరి రకం కార్లకు నష్టం ఎందుకు తక్కువో ఇప్పటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. ఆక్టేన్ పెరిగిన మేరకు ఇంజిన్ దాన్ని వాడుకుంటుంది. ఈ మధ్య మన రోడ్ల మీద విపరీతంగా పెరిగిన ఒక లీటరు, ఒకటిన్నర లీటర్ల టర్బో కార్లు స్వభావం రీత్యా రేసు కార్ల చుట్టాలే. నాకింగ్ వినే సెన్సర్ వాటిలో ఉంటుంది. 2010 నాటి మారుతి నడిపే రిటైర్డ్ మాస్టారికి ఆ భాగ్యం లేదు. ఆయన లీటరులో శక్తి తగ్గింది, ఆయన ఇంజిన్ ఆక్టేన్‌ను వాడుకోలేదు, ధర మాత్రం తగ్గలేదు. ఇథనాల్ వాడకానికి నేను పూర్తిగా అనుకూలం. విదేశీ చమురు బిల్లు తగ్గుతుంది, రైతుకు ఇంకో కొనుగోలుదారు దొరుకుతాడు. కానీ ఆ ఏడు శాతం భారం కొత్త కారు కొనుక్కోలేనివాడి మీద పడటం న్యాయం కాదన్నది నా అభిప్రాయం. పాత బండ్లు రోడ్డు మీద ఉన్నన్నాళ్లు ఇ10 కూడా బంకులో ఉండాలి, లేదా ధరలో ఆ తేడా కనపడాలి. బ్రెజిల్‌లో 2003 నుంచి ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు అమ్ముతున్నారు. అక్కడి డ్రైవర్లు నోటి లెక్క వేస్తారు: ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే ఇథనాల్, దాటితే పెట్రోలు. ఎంచుకునే హక్కు వాళ్ల చేతిలో ఉంది.

మన చెరుకు సంగతి అడుగుతారని తెలుసు, ఈ ఊళ్లో పుట్టి మొలాసిస్ వాసన ఎరగనివాళ్లు ఎవరు? టన్ను చెరుకు రసాన్ని నేరుగా పులియబెడితే దాదాపు 70 లీటర్ల ఇథనాల్ వస్తుంది. దేశంలో ఇథనాల్ పెరుగుతున్న ఇదే కాలంలో మన వైపు సహకార చక్కెర ఫ్యాక్టరీలు చాలావరకు పొగ మానేశాయి. ఇప్పుడు దేశంలో ఇథనాల్‌లో సగానికి పైగా మొక్కజొన్న, బియ్యం లాంటి ధాన్యాల నుంచే వస్తోంది. నీళ్లు తాగే పంటను ఇంజిన్‌లో పొయ్యడం మీద నాకు సందేహాలున్నాయి. పానిపట్‌లో 2022లో ప్రారంభించిన ప్లాంటు వరి గడ్డి నుంచి ఇథనాల్ తీస్తుంది. దారి అటు ఉండాలి.

ఇప్పుడు తమ్ముళ్లకు ఒక మాట. కార్లకు ట్యూనింగ్ చేయించే సరదా ఉన్నవాళ్లు ఈ హాల్లో కనీసం నలుగురున్నారు, పార్కింగ్‌లో సైలెన్సర్లు విన్నాను. వీడియోలు చూసి ఎక్కడో డ్రమ్ముల్లో స్పిరిట్ తెచ్చి ట్యాంకులో కలపకండి. రెండేళ్ల కిందట నా దగ్గరికి అలాంటి ఇంజిన్ ఒకటి వచ్చింది. విప్పి చూస్తే మూడో పిస్టన్ అంచు మైనంలా కరిగి ఉంది. ఇ85కు లీటర్లలో చూస్తే దాదాపు 40 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. మామూలు కారు కంప్యూటర్ తనంతట తాను పెంచుకోగలిగేది దాదాపు 20, 25 శాతం. ఆ తర్వాత ఇంజెక్టర్ తెరిచే ఉంచినా చాలదు. ఇంధనం తగ్గి, గాలి ఎక్కువై, టర్బో పూర్తి ఒత్తిడిలో ఉన్నప్పుడు ఆ వేడి ఎక్కడికి పోవాలి? ఆ కుర్రాడు సెన్సర్ పెట్టలేదు, పంపు మార్చలేదు, కొన్న స్పిరిట్‌లో నీళ్లు ఎంతో తెలియదు. ఇంజిన్ ఖర్చు మూడు లక్షలు దాటింది. అదృష్టం, నేషనల్ హైవే మీద కాక ఇంటి సందులో ఆగింది.

పాత బైకులు ప్రేమగా దాచుకున్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. కార్బ్యురేటర్‌కు కంప్యూటర్ లేదు, జెట్ రంధ్రం ఎంతో అంతే. ఇ20కి గాలి నిష్పత్తి 14.7 నుంచి దాదాపు 13.5కి దిగుతుంది. పాత జెట్‌తో నడిపితే ఇంధనం ఎనిమిది శాతం దాకా తక్కువ పడుతుంది. మంచి మెకానిక్‌తో జెట్ ఒక సైజు పెంచమనండి. ప్లగ్ తీసి చూస్తే తెల్లగా పాలిపోయి ఉండకూడదు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది, మనది సముద్రం గాలి. వానాకాలమంతా సగం ట్యాంకుతో బండిని మూలన పెడితే అడుగున నీళ్లు చేరి ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పెట్టేముందు నిండా నింపండి, లేదా పూర్తిగా తీసేయండి.

చివరగా, ఒక చెల్లెమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, "అన్నయ్యా, నాది 2011 కారు, అమ్మేయమంటారా?" అని అడిగింది. అమ్మక్కర్లేదమ్మా. నష్టపోయేది మైలేజీలో కొంత. భయపడాల్సింది రబ్బరు పైపుల గురించి. పాత రకం రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి, తర్వాత పగుళ్లిస్తుంది. పగిలిన పైపు నుంచి కారిన చుక్క వేడి ఇంజిన్ మీద పడితే అది మైలేజీ సమస్య కాదు. ఇంజిన్ గదిలో ఉన్న ఫ్యూయల్ పైపులన్నీ ఒకసారి మార్పించు, ఫిల్టరు కూడా. షాపులో "ఇథనాల్‌కు పనికొచ్చే పైపు" అని అడిగి తీసుకో, ఆ మాట బిల్లు మీద రాయించుకో. బానెట్ ఎత్తినప్పుడు పెట్రోలు వాసన వస్తే ఆ రోజు బండి తియ్యకు.

మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర అడగండి. మాస్టార్లు అడిగే ప్రశ్నలకు మాత్రం నాకు కొంచెం టైం ఇవ్వాలి.